కీబోర్డుకు రంగులు వేసిన అక్క

మా అమ్మ ఫోన్లో కీబోర్డు మీద గులాబీపూలు పూశాయి. పక్కింటి పిల్ల పెట్టిచ్చిందట. అక్షరం నొక్కినప్పుడల్లా ఒక రేక రాలి మెల్లగా కిందికి జారుతుంది. అమ్మ అది నాకు చూపించి మురిసిపోయింది. నేను ఫోను చేతిలోకి తీసుకుని, పూల వైపు చూడకుండా సెట్టింగుల్లోకి పోయి, ఆ కీబోర్డు ఎవరు తయారుచేశారో, వేటివేటికి అనుమతి అడిగిందో చదివి, తీసేశాను. ఫోనుతోపాటు వచ్చిన పాత బూడిదరంగు కీబోర్డు మళ్ళీ పైకి వచ్చింది.

"బాగుండె గదా, ఎందుకు తీసినావు?" అంది అమ్మ.

పూలున్న కీబోర్డులన్నీ చెడ్డవి కావు. అది కూడా మంచిదే అయివుంటుంది. కానీ కొత్త కీబోర్డు ఎక్కడ కనబడినా ముందు దాని వెనక ఎవరున్నారో చూడడం నా చేతులకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఒకామె దగ్గర వచ్చింది. అమ్మ ఆ రోజంతా నాతో ముభావంగా ఉంది. నేను ఆ రోజంతా ఆ ఒకామెను తలుచుకుంటూ ఉన్నాను.

ఆమె పేరు రాయను. ఎందుకు రాయడం లేదో ఇది చదివితే తెలుస్తుంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడా అక్క అనే అంటాను.

నెల్లూరులో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉండేది. యజమాని రమణయ్య సారు. మేం అమ్మింది కీబోర్డు కాదు, కీబోర్డు చేసుకునే సామాను. ఎవరైనా డెవలపరు తన యాపుకి సొంత కీబోర్డు కావాలనుకుంటే, అది పిల్లలకు అక్షరాలు నేర్పే యాపు కావచ్చు, కవితలు రాసుకునే యాపు కావచ్చు, అన్నీ మొదటినుంచీ తయారుచేసుకునే పని లేకుండా మా దగ్గరున్నది తీసుకుని తన యాపులో పెట్టుకోవచ్చు. నొక్కితే అక్షరం పడే ఏర్పాటు నాది. అది కంటికి ఎలా కనబడాలన్నది అక్కది. మేమంతా కీస్ అనేవాళ్ళం, అక్క మాత్రం మీటలు అనేది. మీటల రంగు, వాటి మూలలు ఎంత గుండ్రంగా ఉండాలి, మీటకూ మీటకూ మధ్య ఎంత సందు వదలాలి, నొక్కినప్పుడు వేలి పైన లేచే అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి, స్పేస్‌బార్ మీద ఏ మాట రాయాలి, ఇవన్నీ కలిపితే ఒక థీమ్. ఒక్కో డెవలపరుకీ ఒక్కో థీమ్ చేసి మా సర్వర్లో పెట్టేది. అక్కడ ఒక రంగు మారిస్తే చాలు, ఆ యాపు వాడేవాళ్ళు ఎక్కడున్నా సరే, మళ్ళీ కీబోర్డు తెరిచేసరికి వాళ్ళ ఫోన్లలో కూడా ఆ రంగు మారిపోయేది.

అక్క రోజూ తోటపల్లి గూడూరు నుంచి బస్సులో వచ్చేది. అంతకుముందు పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో పనిచేసింది. నలభైకి దగ్గర పడిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి నడిచేది. బస్సులో ఎక్కగానే కండక్టరునో, పక్క సీటామెనో "ఫోను ఒకసారి ఇయ్యవా, కీబోర్డు చూసి ఇస్తా" అని అడిగేదట. జనం మొదట అనుమానంగా చూసినా ఆ ముఖం చూసి ఇచ్చేసేవాళ్ళట. కొత్త థీమ్ తయారైతే మిట్టమధ్యాహ్నం కొంగు నెత్తిన కప్పుకుని డాబా మీదికి పోయి, ఎండలో నిలబడి మీటలు కనబడుతున్నాయో లేదో చూసేది. వాళ్ళాయన రొయ్యల మేత బస్తాలు తోలే ఆటో నడిపేవాడు. ఆయన వేళ్ళు ఎప్పుడూ ఉప్పునీళ్ళకు ముడతలు పడి ఉండేవి. ఆ తడి వేళ్ళతో ఆయన తప్పులు లేకుండా ఒక వాక్యం కొట్టగలిగితేనే ఆ థీమ్ పాసైనట్టు.

అన్నిటికన్నా నాకు వింతగా ఉండేది ఇంకొకటి. ఏ ఫోను చేతికొచ్చినా కళ్ళు మూసుకుని బొటనవేలితో మీటలు నొక్కేది. ఫోను చేసే ఆ చిన్న అదురు వేలికి ఎలా తగులుతుందో చూసుకునేది. ఏంటక్కా అంటే, "ఎవురికీ కీబోర్డు కంటికి గుర్తుండదు మే, వేలికి గుర్తుంటది" అనేది.

ఎవరైనా పక్కన టైపు చేస్తుంటే మాత్రం ముఖం తిప్పుకునేది. బట్టలు మార్చుకుంటున్న మనిషి ఉన్న గదిలోంచి తప్పుకున్నట్టు తప్పుకునేది. తన ఫోను ఎప్పుడూ బోర్లించే పెట్టేది. నేను నవ్వితే ఒకసారి అంది, "మొగుడి దగ్గర దాచుకోవచ్చు, అమ్మ దగ్గర దాచుకోవచ్చు. దీని దగ్గర ఎట్ట దాస్తావు? ఎవురికి ఏం చెప్పాలన్నా ముందు దీనికే గదా చెప్పేది."

అందుకే అక్క చేసిన ప్రతి థీమ్‌లోనూ మీటల పైన సన్నగా ఒక పసుపు గీత ఉండేది. ఇది ఫోనుతో వచ్చిన కీబోర్డు కాదు, బయటినుంచి వచ్చింది అని వాడేవాళ్ళకు తెలియడానికి. ఆ గీత తమ యాపు రంగులకు నప్పలేదని డెవలపర్లు గొణిగేవాళ్ళు. ఒకాయన వారం రోజులు మెయిళ్ళ మీద మెయిళ్ళు పంపాడు. అక్క గీత రంగు మార్చడానికి ఒప్పుకుంది కానీ గీత తీయడానికి ఒప్పుకోలేదు. రమణయ్య సారు కూడా ఆ విషయంలో అక్కకు అడ్డుచెప్పేవాడు కాదు.

ఆ గీత అసలే ఉండకూడదన్న ఇంకో మనిషి ఒకరోజు కారులో మా ఆఫీసుకు వచ్చాడు.

యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. ఏ ఊరినుంచి వచ్చాడో చెప్పలేదు, మేం అడగలేదు. కుటుంబాల భద్రత కోసం ఒక యాపు తయారుచేస్తున్నామన్నాడు. పిల్లలు ఫోన్లలో ఎవరితో ఏం మాట్లాడుతున్నారో కన్నవాళ్ళకు తెలియాలి కదా అన్నాడు. అందుకు మా కీబోర్డు కావాలి. అయితే ఫోను ఏ కంపెనీదైతే ఆ కంపెనీ కీబోర్డు లాగే ఇది కనబడాలి. రంగు, సందులు, నొక్కితే వచ్చే చప్పుడు, ఏదీ తేడా రాకూడదు. పైన గీత గీయకూడదు.

"మార్పు జరిగినట్టు తెలియకూడదు" అన్నాడు.

అక్క అప్పటిదాకా కాగితం మీద ఏదో గీసుకుంటూ ఉంది. తలెత్తింది.

"ఎవురికి తెలియకూడదు సార్?"

ఆయన నవ్వాడు. "వాడేవాళ్ళకి."

సారు తెప్పించిన కాఫీ ఆయన ముందు మీగడ కట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. పోయేటప్పుడు అక్కకు మాత్రం నమస్కారం పెట్టి, మీ పని గురించి చాలా విన్నానమ్మా అన్నాడు.

ఆయన వెళ్ళాక అక్క సారుతో వాదించింది. సారు చెడ్డవాడు కాదు. ఆ ఏడాది ఆఫీసు నడవడమే కష్టంగా ఉంది. పిల్లల కోసమే కదా అన్నాడు. మనం రంగులు అమ్ముకునేవాళ్ళం, అంతకు మించి మనకెందుకన్నాడు. అక్క చివరికి ఒప్పుకుంది. పిల్లల మాట సగం నమ్మి ఉంటుంది. మిగతా సగం, అలాంటి పని తను చేసి చూపించాలన్న పట్టుదల. రిపేరు షాపుల్లోంచి రకరకాల ఫోన్లు అద్దెకు తెచ్చుకుని బల్ల మీద వరుసగా పెట్టుకుని, భూతద్దంతో మీటల నీడలు చూస్తూ కూచునేది. అన్నం తినడం కూడా మరిచిపోయేది. పని అయిపోయిన రోజు రెండు ఫోన్లు నా ముందు పెట్టి, మనది ఏదో చెప్పమంది. నేను చెప్పలేకపోయాను. మెచ్చుకుందామని తలెత్తేసరికి అక్క ముఖంలో సంతోషం లేదు.

"కంటితో చూస్తే నాకే తెలియడంలా మే" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు అక్క మామూలుగానే ఉన్నట్టు కనబడింది. కానీ బస్సులో ఫోన్లు అడగడం మానేసిందని నాకు తర్వాత తెలిసింది. ఎందుకని అడిగితే, చూడబుద్ధి కావడం లేదంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఆదివారం నన్ను భోజనానికి రమ్మంది. తోటపల్లి గూడూరు వైపు పోతుంటే దారికి ఒకవైపు కోసిన మళ్ళు, ఇంకోవైపు రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్ళకు గాలి అందించే చక్రాలు తిరుగుతూ ఉంటాయి. ఆ చప్పుడు అక్క ఇంట్లోకి కూడా వినబడుతూనే ఉంటుంది. మేమిద్దరం వెనక వరండాలో కూచుని రొయ్యలు వొలుస్తున్నాం. అప్పుడు పక్కింటామె వచ్చింది. ఆమెను వనజ అని పిలుస్తాను, అది అసలు పేరు కాదు.

పాతికేళ్ళుంటాయి. భర్త గుంటలు గుత్తకు తీసుకుని రొయ్యలు పెంచుతాడు. తాగడు, కేకలెయ్యడు, ఊళ్ళో మంచి పేరు. పెళ్ళైన కొత్తలో వనజ అందరితో, మా ఆయన నా మనసు చదువుతాడు అని చెప్పుకునేదట. చెల్లెలికి తాటిముంజలు తినాలనుందని మెసేజ్ పెడితే సాయంత్రానికి ముంజలు తెచ్చేవాడట. తలనొప్పి అని రాస్తే మాత్ర తెచ్చేవాడట. అడగకుండానే తెలిసిపోయేదట. కొన్నాళ్ళకు వేరే రకంగా తెలియడం మొదలైంది. ఎవరితో ఏం చెప్పుకున్నా రాత్రి అన్నం తినేటప్పుడు ఆ మాట ఆయన నోట వచ్చేది. కోపంగా కాదు, మామూలుగా. వనజ చెల్లెల్ని అనుమానించింది, అమ్మను అనుమానించింది, ఇద్దరితోనూ మాటలు తగ్గించుకుంది.

ఆ ఆదివారం వనజ కాళ్ళకు చెప్పులు లేవు. ఎండకు కాలిన కాళ్ళను గచ్చు మీద ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నిలబడింది. అక్క అడిగితే చెప్పింది. రెండ్రోజుల కింద చెల్లెలికి "ఈడ ఉండలేను, వచ్చేస్తా" అని టైపు చేసింది. భయమేసి పంపలేదు.

"పంపలేదక్కా. రాసి చెరిపేసినా. ఆ రాత్రి అన్నం కలుపుకుంటా తలెత్తకుండానే అడిగినాడు, ఎందుకు ఉండలేవు అని."

మర్నాడు లేచేసరికి గడప దగ్గర వనజ చెప్పులు లేవు. ఇంట్లో ఉండే మనిషికి చెప్పులెందుకు అన్నాడట భర్త.

అక్క చేతిలోని రొయ్య గిన్నెలో పడింది. లేచి చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుతో బాగా తుడుచుకుని, వనజ ఫోను అడిగింది. చెరిపేసిన మాట చెల్లెలికి తెలియదు. మెసేజ్ యాపు కంపెనీకీ తెలియదు. అది ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. అక్షరం పడిన చోట తప్ప ఇంకెక్కడా లేదు. నాకిదంతా తట్టేలోపే అక్క కీబోర్డు తెరిచి కళ్ళు మూసుకుంది. బొటనవేలితో ఒక మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. కంటికి తేడా లేదు. ఫోను అదురు మాత్రం వేలికి ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చిందట. ఆ ఆలస్యం మా సామానుది. ఎంత ప్రయత్నించినా నేను తీయలేకపోయినది.

అక్క కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు ఎదురుగా ఉంది.

సెట్టింగుల్లో చూస్తే అది ఏదో ఫోను సొంత సామాను లాంటి పేరు పెట్టుకుని కూచుని ఉంది. నేను దాన్ని తీసేయబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"తియ్యబాకు. తీస్తే ఆయనకి తెలుస్తది."

తర్వాత వనజను కూచోబెట్టి, మెల్లగా, ఏం జరిగిందో చెప్పింది. ఆ కీబోర్డు రూపం తను చేసిందే అని కూడా చెప్పింది. వనజ ఏడవలేదు. చాలాసేపు ఫోను వంక చూసి, "అయితే ముంజలు కూడా ఇందుకేనా" అని మాత్రం అడిగింది. ఒక్కసారిగా రాయడం మానేస్తే అనుమానం వస్తుందని, అప్పటికప్పుడు చెల్లెలికి ఏదన్నా మామూలు మాట రాయమంది అక్క. వనజ, పక్కింట్లో రొయ్యల కూర వండుతున్నారని రాసి పంపింది. మేం ముగ్గురం ఆ మాట పోయేదాకా చూస్తూ కూచున్నాం.

మర్నాడు అక్కా నేనూ పోలీసుస్టేషనుకు పోయాం. అక్కడి అధికారి ఓపిగ్గా విన్నాడు. ఫోను ఎవరిదో ఆమె వచ్చి ఫిర్యాదు ఇవ్వాలి, ఫోను చూపించాలి అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ వనజ ఊరు దాటి నెల్లూరు దాకా ఎలా వస్తుంది? అక్కడినుంచి ఆఫీసుకు పోయి సారుకు చెప్పాం. వచ్చే నెలనుంచి వాళ్ళకు మన సామాను ఆపేద్దామన్నాడు.

"అందాకా?" అంది అక్క.



ఆ యాపు పెట్టివున్న ఫోన్లు ఎన్నో మా సర్వరుకు తెలుసు. ఎవరివో తెలియదు. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. వాటిలో కొన్ని నిజంగా పిల్లలవే కావచ్చు. మిగతావి ఎవరివి? భార్యలవో, పనివాళ్ళవో, ముసలివాళ్ళవో. వాళ్ళకు చెప్పడానికి మా దగ్గర ఫోను నంబర్లు లేవు, అడ్రసులు లేవు. ఉన్నదల్లా వాళ్ళు రోజూ ముట్టుకునే ఆ మీటల రూపం మాత్రమే. అది మార్చే అధికారం అక్క చేతిలో ఉంది.

పసుపు గీత పెడదామన్నాను నేను. దాని అర్థం ఎవరికి తెలుసు అంది అక్క. మీటలన్నీ ఎర్రగా చేద్దామన్నాను. గదిలో అవతలివైపు కూచున్నవాడికి కూడా కనబడుతుంది అంది. పండగలప్పుడు డెవలపర్లు శుభాకాంక్షలు చెప్పుకోవడానికి స్పేస్‌బార్ మీద భాష పేరు బదులు ఒక చిన్న మాట చూపించే వీలు మా సామానులో ఉంది. ఒక మీట నొక్కగానే ఆ మాట పోయి మళ్ళీ భాష పేరు వస్తుంది. అక్క దాన్ని ఎంచుకుంది. అదే బూడిదరంగు, అదే సైజు అక్షరాలు. ఫోను చేతిలో ఉన్నవాళ్ళకు తప్ప పక్కనున్నవాళ్ళకు కనబడకూడదు. ఏ మాట రాయాలా అని రెండు రోజులు ఆలోచించింది. 'ఇది మీ కీబోర్డు కాదు' అని ముందు రాసి, చదివినవాళ్ళు ఇదేంటి అని ఎవరినో అడుగుతూ అందులోనే టైపు చేస్తారని కొట్టేసింది. చివరికి రెండే మాటలు మిగిలాయి. 'రాయకండి. చదువుతున్నారు.' తెలిసినవాళ్ళ చేత అరవంలో, హిందీలో, ఇంకా కొన్ని భాషల్లో కూడా రాయించింది. ఏ భాష కీబోర్డు ఉన్నవాళ్ళకు ఆ భాషలో కనబడుతుంది.

తను చేస్తున్నదేమిటో అక్కకు బాగా తెలుసు. నాతో అంది, "మన ఊళ్ళో మగవాళ్ళు టిఫిను తిని గుంటల కాడికి పోతారు. మిగతా ఊళ్ళలో ఎవురు ఏ వేళ ఇంట్లో ఉండరో నాకేం తెలుసు మే? ఎవురన్నా వాళ్ళాయన పక్కన కూచుని తెరిస్తే?"

మానేద్దామా అని అడిగాను. అక్క మానేద్దామనలేదు, చేద్దామనీ అనలేదు. బుధవారం సెలవు పెట్టింది.

ఆ బుధవారం పొద్దున నేను ఆఫీసులో సర్వరు ముందు కూచున్నాను. అక్క ఇంటినుంచే థీమ్ మార్చింది. కానీ అంతకన్నా ముందు వనజను ఇల్లు దాటించింది. మాట బయటపడిన మరుక్షణం ఆ తెల్లచొక్కా మనిషి తన దగ్గర ఆ యాపు తీసుకున్నవాళ్ళకు కబురు పెడతాడు. వనజ ఫోను మంచం మీద వదిలేసి, కొంగులో చిన్న మూట కట్టుకుని, ఉత్తకాళ్ళతో అక్క ఇంటికి వచ్చింది. అక్క తన చెప్పులు విప్పి వనజకిచ్చి, వాళ్ళాయన ఆటోలో మేత బస్తాల మధ్య కూచోబెట్టింది. ఆయన రోడ్డు రోడ్డు మారుస్తూ తీసుకుపోయి మనుబోలు దగ్గర పెద్ద రోడ్డు మీద బస్సెక్కించాడు. అక్క పెట్టిన కబురు అంది వనజ చెల్లెలు అక్కడికి ముందే వచ్చి ఉంది. ఆ తర్వాత వాళ్ళు ఏ ఊరికి పోయారో ఇక్కడ రాయను.

నా తెర మీద ఒక్కొక్క ఫోనూ కొత్త థీమ్ తీసుకోవడం కనబడుతూ ఉంది. మాట చూసినవాళ్ళు ఏం చేశారో నాకు ఒకే విధంగా తెలుస్తుంది. కీబోర్డు తీసేస్తే ఆ ఫోను నుంచి మాకు జవాబు రావడం ఆగిపోతుంది. మొదటి ఫోను ఆగిపోయింది. ఇంకొకటి. కాసేపటికి గుంపుగా. నేను లేచి నిలబడిపోయాను. వాళ్ళెవరో, ఏ వంటింట్లో, ఏ హాస్టల్లో ఉన్నారో తెలియదు. అయినా వాళ్ళు చదివారు. అక్కకు ఫోను చేసి చెప్పాను.

కొన్ని ఫోన్లు మాత్రం ఆగలేదు. మాట చూశాయి, మీట నొక్కాయి, ఆ తర్వాత కూడా మామూలుగా టైపు చేస్తూనే ఉన్నాయి. చదవనివాళ్ళు కావచ్చు. లెక్కచెయ్యనివాళ్ళు కావచ్చు. పక్కన ఎవరో కూచుని చూస్తుంటే ముఖంలో ఏమీ కనబడనీయకుండా టైపు చేస్తున్నవాళ్ళు కూడా కావచ్చు. ఆ సంగతి అక్కకు ఫోన్లో చెప్పలేదు. సాయంత్రం తనే అడిగింది. చెప్పాను.

అప్పటికే సారుకు ఫోన్లు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే సర్వరు పాస్‌వర్డులు మార్చేశాడు. నన్నేమీ అనలేదు. రెండ్రోజులకు ఆ తెల్లచొక్కా మనిషి మళ్ళీ వచ్చాడు. గొంతు అంతే మెత్తగా ఉంది. అక్క కుర్చీ ఏదని అడిగి అందులో కూచున్నాడు. బల్ల మీదున్న భూతద్దం తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆమె ఏ ఊరినుంచి వస్తారండీ అని అడిగాడు. సారు మర్యాదకొద్దీ చెప్పేశాడు.

ఆ ఊళ్ళో వనజ భర్త అప్పటికే అక్క ఇంటికి వచ్చి పోయాడు. అరవలేదు, తలుపు బాదలేదు. గేటు దగ్గర నిలబడి, ఒక ప్లాస్టిక్ కవరు చాచాడట. అందులో వనజ చెప్పులున్నాయి.

"యాడుందో మీకు తెలుసు గదా. ఎండలు ముదిరినాయి, కాళ్ళు కాలతాయి. ఆమెకి ఇయ్యండి" అన్నాడట.

అక్క తీసుకోలేదు. గేటు కమ్మీకి తగిలించి పోయాడు. తర్వాతి రోజుల్లో రోజూ అదే వేళకు వచ్చి, ఆ కవరు అలాగే ఉందో లేదో చూసి పోయేవాడట. అక్క, ఆమె భర్త ఒకరోజు పొద్దున్నే మేత ఆటోలోనే సామాను వేసుకుని ఊరు వదిలారు. ఎక్కడికి పోతున్నారో నాకు కూడా అప్పుడు చెప్పలేదు.

వనజ చెల్లెలి సాయంతో పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. కేసు నడుస్తూ ఉంది. తన కాళ్ళ మీద తను నిలబడింది, బాగానే ఉంది. తెల్లచొక్కా మనిషి యాపు ఆ పేరుతో ఇప్పుడు దొరకదు. ఇంకే పేరుతో ఉందో తెలియదు. రమణయ్య సారు ఆ ఏడాదే ఆఫీసు మూసేశాడు.

పోయిన వేసవిలో అక్క ఉన్నచోటు తెలిసి వెళ్ళాను. బస్టాండు పక్కన పెళ్ళికార్డుల షాపులో పనిచేస్తోంది. జుట్టు బాగా నెరిసింది. ఫోను వాడడం మానేసింది. అవసరమైతే వాళ్ళాయన ఫోన్లో మాట్లాడుతుంది కానీ ఏమీ టైపు చేయదు. మంచినీళ్ళిచ్చి, నేను కూచోగానే అడిగిన మొదటి మాట, "ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

ఎవరు చెబుతారు? ఎలా చెబుతారు? ఆ రోజు ఆ మాట ఎవరు రాశారో చదివినవాళ్ళకు తెలియదు. అయినా ఆ మాట ఎన్ని ఇళ్ళలో పనికొచ్చిందో నేను కళ్ళారా చూశానని చెప్పాను. వనజ సంగతి చెప్పాను.

"వనజ నాకు తెలిసిన మనిషి" అంది అక్క. "ఆగకుండా రాస్తానే ఉన్నారన్నావే, వాళ్ళ మాటేంది? వాళ్ళలో ఒక్కరన్నా వాళ్ళాయన ముందర తెరిచి ఉంటారు మే."

షాపులో ఫ్యాను తిరుగుతోంది. అచ్చు కాగితాల వాసన. అక్క మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగి, ఎవరిదో లగ్నపత్రికలో ముహూర్తం సరిచేయడం మొదలుపెట్టింది.

అంతలో ఒక జంట వచ్చింది. పెళ్ళి కుదిరినవాళ్ళు. పెద్దవాళ్ళు బయట కారు దగ్గరే నిలబడ్డారు. అబ్బాయి చలాకీగా ఉన్నాడు, అక్కను నవ్వుతూ పలకరించాడు. అమ్మాయి ఫోన్లో ఒక కార్డు బొమ్మ ఉందట, అలాంటిదే కావాలట. ఆ పిల్ల ఫోను తెరిచేలోపే అతను దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, తనే తాళం తీసి, వేలితో జరుపుకుంటూ బొమ్మ వెతకసాగాడు.

అక్క చేస్తున్న పని ఆపింది.

"ఫోను ఎవురిది నాయనా?"

"ఈమెదే."

"అయితే ఆ పాపనే చూపిచ్చనీ."

"మా ఇద్దరికీ ఒకటేలే అక్కా" అని నవ్వాడు.

అక్క నవ్వలేదు. మౌసు మీదినుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, అతని వైపే చూస్తూ కూచుంది. అతని నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత తగ్గింది. బయట ఎవరో హారన్ కొట్టారు. అతను ఫోను ఆ పిల్లకు తిరిగి ఇచ్చాడు.

ఆ పిల్ల ఫోను తీసుకుంది. బొమ్మ వెతకలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని అక్క ముఖంలోకి చూస్తూ నిలబడింది.